సారము – మాత్ర – స్వాతంత్ర్యము

సారమును గ్రహించుట గొప్ప గుణమని పెద్దలందరు చెప్పుదురు. హంస నీటిని విడిచి పాలను గ్రహించునని కవులు పొగడిరి. పెరుగును చిలికి వెన్న తీసి, వెన్నను కాచి నేయి చేయు ఇల్లాలి నేర్పును ఎవ్వరును తప్పు పట్టరు. కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతముల రైతు పసుపును పండించుచున్నాడు. ఆ పసుపుకొమ్ములో కుర్కుమిన్ అను పదార్థము సాధారణముగ నూటికి మూడు మొదలు అయిదు పాళ్ళు మాత్రమే. అయినను మందులు తయారుచేయువారు ఆ కొద్ది పాళ్ళను చూచియే సరకు ఎన్నుకొందురు. చెరకునుండి బెల్లము, బెల్లమును మించి చక్కెర, ఇట్లు ప్రతి వస్తువునందును సారమును వేరుచేయుట మనుష్యుని బుద్ధికి అలంకారముగనే ఎంచబడుచున్నది. అట్లయినచో ఒక్క మొక్క విషయమున మాత్రము, దాని ఆకు కంటె పూవును, పూవు కంటె జిగురును, జిగురు కంటె నూనెను అంతకంతకు ఎక్కువగ శంకింపవలసిన పని యేమి? సారము పెరిగిన కొలది దోషము పెరుగునా?

ఆ మొక్క గంజాయి. ప్రశ్న యింతతో ఆగదు. వయసు వచ్చినవాడు, తన సొమ్ముతో కొని, తన యింట కూర్చుండి, పరులకు కీడు చేయక దానిని సేవించినచో అడ్డగించు హక్కు ఎవ్వరికున్నదని చదువుకొన్న యువకులు నేడు జగిత్యాలలోను సిరిసిల్లలోను అడుగుచున్నారు. విదేశములందు చదువుచున్న వారి అన్నదమ్ములు అచ్చట అంగళ్ళలో ఆ సరకు బాహాటముగ అమ్ముడగుట కన్నులార చూచి వచ్చి చెప్పుచున్నారు. ఇట్టి ప్రశ్నకు కన్నెఱ్ఱ చేయుట సమాధానము కాదు. శాస్త్రము ఎన్నడును ప్రశ్నకు భయపడలేదు.

ఈ మొక్క భారతదేశమునకు క్రొత్తది కాదు. పొలముల పేర్లను సాధించు సందర్భమున పాణిని మహర్షి నువ్వులు, మినుములు, అవిసెలతో పాటు భంగను కూడ పేర్కొనెను. భంగ పండు పొలమునకు భాంగ్యమనియు, భాంగీనమనియు రెండు రూపములు సిద్ధించును. ఆ రైతు నార కొరకు దున్నెనో, మత్తు కొరకు దున్నెనో సూత్రము చెప్పదు. వైయాకరణునకు ఆ చింత లేదు. నార కొరకే యని తలచుట సిరిసిల్ల వంటి నేతపట్టణము వారికి నచ్చవచ్చును. అథర్వవేదము పదునొకండవ కాండములో, సోముడు రాజుగా గల ఓషధులలో దర్భ, యవలతో పాటు భంగ కూడ లెక్కింపబడి, కష్టమునుండి విడిపింపుమని ప్రార్థింపబడినది. వైద్యనిఘంటువులు దీనికే విజయ, జయ, మాతులాని, మాదిని అని పేర్లు పెట్టినవి. ‘గంజాయి వనములో తులసి మొక్క’ యను సామెత లోకమున ప్రసిద్ధము. కాని నిజము విచారించినచో ఆ సామెత గంజాయికి కొంత అన్యాయమే చేసినది. మొక్కకు పుణ్యపాపములు లేవు. అవి దానిని త్రుంచిన చేతికి సంబంధించినవి.

ఒకే మొక్కనుండి పుట్టు సరకులు నాలుగు అంతస్తులుగ నున్నవి. ఆకును నూరి చేయునది భంగు. ఆడ మొక్కల పూగుత్తులను ఎండబెట్టినది గంజాయి. ఆ పూగుత్తులపై అంటుకొని యుండు జిగురును వేరుచేసి ముద్దగ చేసినది చరస్. ద్రావకములతో ఆ జిగురును ఇంకను పిండి, చిక్కని నల్లని నూనెగ తీసినది హాషిష్ తైలము. వాడుకలో దీనినే హాష్ ఆయిల్ అనుచున్నారు. ఈ నాలుగింటను మత్తును పుట్టించు పదార్థ మొక్కటియే. దానికి శాస్త్రజ్ఞులు టీహెచ్‌సీ యని పేరిడిరి. 1964లో ఇజ్రాయేలు దేశమున రాఫెల్ మెషూలం, యెహియెల్ గావోని అను వారు దీనిని శుద్ధముగ వేరుచేసి దాని స్వరూపమును నిర్ణయించిరి. పూర్వపు గంజాయిలో ఈ పదార్థము చాల తావుల నూటికి అయిదు పాళ్ళకు లోపు. నేడు పాశ్చాత్యదేశములలో పెంచు పూగుత్తులలో పదునైదు, ఇరువది పాళ్ళు కూడ కనబడుచున్నవి. అచ్చటి అంగళ్ళలోని సారములు తేనెవలె చిక్కనివి, మైనమువలె మెత్తనివి, గాజువలె పెళుసైనవి అని పలు రకములు. వానిలో అరువది మొదలు ఎనుబది పాళ్ళు, ఒక్కొక్కచో అంతకు మించియు ఉండును. వానిని వేడిచేసి ఆవిరిని పీల్తురు. కలము వంటి చిన్న యంత్రములో పోసి పీల్చువారును, మిఠాయిలలో కలిపి తినువారును కలరు.

ఇచ్చట ఒక విషయము నిలిచి చూడదగియున్నది. జగిత్యాల జిల్లా ముత్యంపేటలోని చక్కెర కర్మాగారము 2015లో మూతపడు వరకు ఆ చుట్టుప్రక్కల చెరకుతోటలకు కొదువ లేదు. తోటలో చెరకుగడను నమలు పిల్లవాడు రెండు గడలు నమలునప్పటికి దవడ నొచ్చి తానే ఆపును. ఆ రెండు గడలలోని తీపి యంతయు చక్కెరగ మారి పానీయములో కరగినచో వాడు గ్రుక్కలో మ్రింగును, ఇంకొకటి కావలెననును. చెరకులో పిప్పి యున్నది. ఆ పిప్పియే కాపలా. ప్రకృతి ఏ వస్తువునందు బలమును దాచినను దాని చుట్టు పీచో, పొట్టో, చేదో, వగరో పెట్టి, ‘ఇంతవరకే’ యని నోటికే తెలియునట్లు చేసినది. ఆకు తన మాత్రను కొంతవరకు తానే కాపాడుకొనును. సారము తీయుట యనగా ఆ కాపలాను తొలగించుట. నేతిలోను చక్కెరలోను ఆ కాపలా తొలగినను బుద్ధి చెదరదు. కావున తినువాడు పిదపనైనను ఆలోచించుకొనగలడు. మత్తు పదార్థమున అట్లు కాదు. అధికమైనదా లేదా యని లెక్కింపవలసిన బుద్ధినే అది ముందు పట్టుకొనును.

ఆయుర్వేదాచార్యులు దీనిని సూక్ష్మముగ గుర్తించిరి. శార్ఙ్గధరాచార్యుడు కొన్ని ద్రవ్యములకు ‘వ్యవాయి’ యను లక్షణము చెప్పెను. సామాన్యమైన ఆహారము మొదట జీర్ణమై పిదప దేహమున వ్యాపించును. వ్యవాయి ద్రవ్యము మొదట దేహమంతట వ్యాపించి పిదప జీర్ణమగును. అందుకు ఆయన చూపిన ఉదాహరణములు భంగ, నల్లమందు. జీర్ణము కాకమునుపే పనిచేయు వస్తువు విషయమున వైద్యుడు ఎంత జాగ్రత్త పడవలెనో వేరుగ చెప్పనక్కరలేదు. అందుచేతనే వైద్యమున ఆకును గుడ్డలో కట్టి, కడిగి, నేతిలో వేయించి, శోధించిన పిదపనే చూర్ణములలో చేర్చెదరు. జాతీఫలాది చూర్ణమునందు ఇది నేటికిని కలదు. వైద్యులు బలమును పెంచుటకు కాక, బలమును మాత్రలో నిలుపుటకు శ్రమించిరి. నేటి సారకారుల త్రోవ దీనికి సరిగ వ్యతిరేకము.

రాజ్యాంగవ్యవస్థలును ఈ భేదమును గుర్తింపకపోలేదు. ఆంగ్లప్రభుత్వము 1893లో నియమించిన సంఘము దేశమంతట సాక్ష్యములు సేకరించి, మితముగ వాడినవారికి చెప్పదగిన హాని కనబడలేదనియు, అమితముగ వాడినవారికి హాని యున్నదనియు 1894లో తేల్చెను. ఆ నివేదికను నేడు పలువురు తమకు అనుకూలముగ ఎత్తి చూపుదురు. ఆనాటి జనులలో పెక్కురు వాడినది ఆకు, పూవు. చరస్ యార్కందునుండి లేహ్ మార్గమున గుఱ్ఱములపై వచ్చు సరకు. నేటి తైలములు ఆ సంఘము కంటబడలేదు. ఆకును గూర్చి చెప్పిన తీర్పును తైలమునకు అన్వయించుట, మజ్జిగను గూర్చి చెప్పిన పథ్యమును సారాయికి అన్వయించినట్లగును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ఆకును గంజాయి నిర్వచనమునుండి విడిచిపెట్టి, పూగుత్తులను, జిగురును నిషేధించినది. హాషిష్ తైలమును చరస్‌తో జతచేసినది. వాణిజ్యపరిమాణమని కఠినశిక్షకు లోనుచేయు తూకము గంజాయికి ఇరువది కిలోలు, చరస్‌కు ఒక్క కిలో. ఇరువదింటి కొక్కటి యను ఈ నిష్పత్తిలో సారమును గూర్చిన భయము స్పష్టముగ వ్రాయబడియున్నది.

విశాఖ మన్యమునందలి కొండలలో పండిన గంజాయి చిరకాలముగ తెలంగాణమునకు చేరుచున్నది. 2022 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అనకాపల్లి దగ్గర సుమారు రెండు లక్షల కిలోల సరకును ఒక్కమారు తగులబెట్టిరి. నిఘా పెరిగిన కొలది సరకు రూపు మార్చుకొన్నది. బస్తాను దాచుట కష్టము, సీసాను దాచుట సులభము. పొలమంతటి పంటలోని బలము కొన్ని సీసాలలో ఒదిగినచో ప్రయాణికుని సంచిలో ఎవరికిని అనుమానము కలుగదు. హైదరాబాదులో చిన్న డబ్బాలలో అయిదేసి మిల్లీలీటర్ల తైలము నింపి అమ్ముచుండగ పోలీసులు పలుమార్లు పట్టుకొనిరి. కావున ఈ సారము తీయబడినది సేవించువాని సుఖము కొరకని తలచుట పొరపాటు. మొదట తీయబడినది తరలించువాని సౌకర్యము కొరకు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలోని యువకుని చేతికి వచ్చునప్పటికి దానిలో ఎన్ని పాళ్ళ బలమున్నదో, ఏ ద్రావకము మిగిలియున్నదో, ఏమి కలిసినదో అమ్మినవానికే తెలియదు.

వేములవాడ రాజరాజేశ్వరస్వామి సన్నిధి ఈ సీమకు ప్రాణము వంటిది. అందుచేత ఇచ్చట ఒక వాదము తరచుగ వినబడును: శివుడే సేవించెను గదా, మాకేమి దోషము? సాధువుల చిలుములను చూపి కొందఱు దీనిని సమర్థింతురు. పురాణములలో శివుడు గ్రోలినట్లు ప్రసిద్ధమైనది హాలాహలము. దానిని ఆయన గ్రోలినది లోకములు దహించుకొని పోవుచుండగ, సుఖము కొరకు కాదు. మ్రింగక కంఠముననే నిలిపెను. సముద్రమును చిలుకుట యనగా సారమును తీయుటయే గదా. అమృతము కొరకు చిలుకగ ముందు వచ్చినది విషము. దశమస్కంధమున రాసక్రీడాప్రకరణమున పరీక్షిత్తు సందేహించినప్పుడు శుకయోగి ఈ యుపమానమునే ఎత్తుకొనెను: సమర్థులు చేసిన పనిని అసమర్థుడు మనస్సునందైన అనుకరింపరాదని, రుద్రుడు కానివాడు సముద్రవిషమును త్రాగినచో ఏమగునో తలచుకొమ్మని ఆయన హెచ్చరించెను. శివుని పేరు చెప్పి చిలుము పట్టువాడు శివుని తక్కిన పనులలో ఒక్కటియైన, కనీసము శ్మశానమున ఒక్క రాత్రి కూర్చుండుటయైన అనుకరించునా యని అడుగవలసియున్నది. ఈ వాదమును గూర్చి ఇంతకు మించి చెప్పనక్కరలేదు.

వయసు వచ్చినవాని స్వాతంత్ర్యమను వాదము దీనికంటె బలమైనది. ధర్మశాస్త్రమున దానికి చోటున్నది. నారదస్మృతి పదునారేండ్లవరకు బాలునిగ భావించి, పిదప వ్యవహారజ్ఞుడని, తలిదండ్రులు లేనప్పుడు స్వతంత్రుడని చెప్పినది. మద్యమాంసములందు ప్రాణులకు ప్రవృత్తి సహజమేయని ఒప్పుకొని, నివృత్తికి గొప్ప ఫలమున్నదని మాత్రము మనువు పలికెను. ఇది కోపించువాని మాట కాదు. అయితే ఆ మనువే వ్యవహారప్రకరణమున మత్తుడు, ఉన్మత్తుడు, ఆర్తుడు, బాలుడు చేసిన ఒడంబడిక చెల్లదని శాసించెను. వయసు వచ్చుట యనునది ఒక్కమారు సంపాదించి పెట్టెలో దాచుకొను పత్రము కాదని దీని భావము. ఏబదియేండ్ల వాడైనను మత్తులో నున్నంతసేపు శాస్త్రదృష్టిలో బాలుని ప్రక్కననే నిలుచును. కావున ‘నా యిష్టము’ అను మాట మొదటి మాత్రకు ముందు చెల్లినంత గట్టిగ రెండవ మాత్రకు ముందు చెల్లదు. ఎంచుకొనువాడు మొదటిసారి ఎవ్వడో, రెండవసారియు అతడేనా?

ఎంపికకు బుద్ధి నిలకడ ఎంత అవసరమో, ఎంచుకొన్నది ఏమిటో తెలియుటయు అంత అవసరము. మహాభారతమున ఆదిపర్వములోని కచుని కథ తెలుగువారికి నన్నయభట్టారకుని మూలమున ఇంటింట పరిచితము. మృతసంజీవనివిద్య కొరకు వచ్చిన బృహస్పతి కుమారుని రాక్షసులు పలుమార్లు చంపిరి. గురువు ప్రతిసారి బ్రతికించెను. కడపట వారు కచుని కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రాచార్యునకే యిచ్చిరి. శుక్రునకు సుర క్రొత్త కాదు. ఆనాటి పాత్రయు, రంగును, రుచియు పాతవే. అందు కలిసినది మాత్రము క్రొత్తది. పిలిచినప్పుడు శిష్యుడు గురువు కడుపులోనుండి బదులు పలికెను. ఇచ్చట దోషమెవ్వరిది? కలిపినవారిదే మొదటి దోషమని ఎవ్వరైనను చెప్పుదురు. కాని శుక్రుడు, ‘నాకు తెలియదు, నేను నిర్దోషిని’ అని ఊరకుండలేదు. తెలియక త్రాగుటకు తావిచ్చిన ఆ యలవాటునే దోషముగ నెంచి, నాటినుండి విప్రులకు సురాపానము నిషిద్ధమని కట్టడి చేసెను. త్రాగువానికి తెలివి తప్పును గనుక అందులో ఎవ్వడు ఏమి కలిపినను గుర్తింపజాలడు. మత్తు వస్తువునకు ఉన్న విశేషదోషమిది.

ఈ కథ పురాణమని ఎవ్వరైన తేలికగ చూచినచో, ఈ సీమలోని కల్లు దుకాణములను తలచుకొందురు గాక. గీత కార్మికుడు చెట్టెక్కి దించిన కల్లును గూర్చి కాదు ఈ మాట. చెట్లు తక్కువై గిరాకి ఎక్కువైన చోట్ల క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం వంటి మందులు కలిపి అమ్ము ‘మందు కల్లు’ను గూర్చి. సిరిసిల్లలో పండ్రెండు గంటలు సాంచాల మ్రోతలో నిలబడి వచ్చిన కార్మికుడు కల్లు త్రాగుచున్నాననియే తలచును. తాను త్రాగుచున్నది నిద్రమందు అని అతనికి తెలియునది దుకాణము మూతపడిన నాడే. 2020 మార్చిలో దేశమంతట అన్నియు మూతపడినప్పుడు వణుకుతో, మూర్ఛలతో, మతిభ్రమతో రోగులు హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకు బారులు తీరిరి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. పోగుల లెక్క తప్పినచో వస్త్రము చెడునని ఎరిగిన నేతగాడు, తన పాత్రలోని లెక్కను మాత్రము పరుల చేతిలో పెట్టెను.

గంజాయి సారముల విషయమున ఈ కథయే దూరదేశమునను జరిగినది. 2019లో అమెరికా దేశమున కలము వంటి యంత్రములతో ఆవిరి పీల్చినవారిలో ఊపిరితిత్తుల వ్యాధి ప్రబలినది. 2020 ఫిబ్రవరి నాటికి రెండువేల ఎనిమిదివందలకు పైగా జనులు ఆసుపత్రుల పాలైరి, అరువదియెనిమిదిమంది మరణించిరి. పరీక్షింపగ చాలమంది పీల్చినది దొంగచాటుగ కొన్న టీహెచ్‌సీ తైలము. దానిని చిక్కగ కనబడజేయుటకు అమ్మువారు విటమిన్ ఇ యాసిటేటు అను నూనెను కలిపిరి. మింగినచో పెద్దగ కీడు చేయని వస్తువు, వేడియై ఊపిరితిత్తులలో చేరి ప్రాణము తీసినది. రాక్షసులు మారిరి, సుర మారినది, కలుపు పద్ధతి మారలేదు. భారతప్రభుత్వము ఇట్టి ఆవిరి యంత్రములను 2019లోనే నిషేధించినది.

తెలియక త్రాగుటయే కాదు, తెలియక మోయుటయు ఈ సీమకు సంబంధించిన కష్టమే. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి యని బ్రతుకుతెరువును మూడు మాటలలో చెప్పుకొను జనులు వీరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో గల్ఫుకు పోని వంశము అరుదు. విమానమెక్కువానికి బంధువులు, బంధువుల బంధువులు ఊరగాయ, మందులు, స్వీట్లు అని పొట్లములిత్తురు. కాదనుట మర్యాద కాదని అతడు సంచిలో పెట్టుకొనును. పలు గల్ఫు దేశములలో గంజాయి మాట యటుంచి వంటింటి గసగసాలు సయితము నిషిద్ధములు. సౌదీ అరేబియాలో మాదకద్రవ్యములను చేరవేసినవానికి మరణదండన వరకు శిక్ష యున్నది. బస్తా పొట్లములో పట్టదు, సీసా పట్టును. సారము తీయుటవలన కలిగిన మరియొక ఫలితమిది. పొట్లము విప్పి చూడుమని తల్లి చెప్పినచో అది బంధువులను అవమానించుట కాదు.

ఇంతవరకు చెప్పినదానికి ఒక గట్టి ఆక్షేపము కలదు. కలితీ, మాత్ర తెలియకపోవుట యను దోషములు దొంగ వ్యాపారము వలన వచ్చినవి. చట్టమే అనుమతించి, పొట్లముపై లెక్క వ్రాయించినచో ఆ దోషములు పోవును గదా? కెనడాదేశము 2018 అక్టోబరు 17న గంజాయిని వయోజనులకు అనుమతించి, మరుసటి యేట సారములను, తినుబండారములను కూడ అనుమతించెను. తినుబండారముల పొట్లమొకటికి పది మిల్లీగ్రాముల టీహెచ్‌సీకి మించరాదనియు, సారముల డబ్బా యొకటికి వేయి మిల్లీగ్రాములకు మించరాదనియు కట్టడి చేసెను. ఈ ఆక్షేపమున సత్యమున్నది, ఒప్పుకొనవలెను. మాత్ర తెలిసి కొనువాడు తెలియక కొనువానికంటె నిజముగ స్వతంత్రుడు.

అయినను ఒక్క డబ్బా, ఒక్క పొట్లము అను రెండింటి నడుమ నూరు రెట్ల భేదమున్నదని ఆ కట్టడియే తెలుపుచున్నది. డబ్బాపై వ్రాసినది వస్తువు మాత్ర. సేవించువాని మాత్ర ఎచ్చట వ్రాసియున్నది? పీల్చినది నిమిషములలో తలకెక్కును. తిన్నది అరగంట మొదలు రెండు గంటలవరకు ఊరకుండి, పిదప చాలసేపు విడువదు. ఏమియు కాలేదే యని రెండవ ముక్క తినువారు రాత్రియంతయు భయముతో, గుండెదడతో గడపుట సామాన్యము. దానికి తోడు దేహము అలవాటుపడును. నిన్నటి మాత్ర నేడు చాలదు. 2019లో ప్రకటింపబడిన ఐరోపా పరిశోధన యొకటి, బలము హెచ్చిన గంజాయిని ప్రతిదినము వాడువారిలో చిత్తభ్రమ కలుగు అవకాశము ఎన్నడును వాడనివారి కంటె సుమారు అయిదు రెట్లని చూపినది. ప్రతిదినము వాడువారందరును ఉన్మత్తులగుదురని దీని యర్థము కాదు. కాని ఎవ్వరగుదురో ముందు చెప్పగల వైద్యుడు లేడు.

శుక్రుని అల్లుడైన యయాతి ఇచ్చట స్మరణకు వచ్చును. ముసలితనము శాపముగ పైబడినప్పుడు ఆయన కొడుకు పూరుని యౌవనమును అడిగి తీసికొని, వేయి సంవత్సరములు భోగించెను. ఆయన వయసు వచ్చినవాడు, రాజు, ఎవ్వరి సొత్తును దొంగిలింపలేదు, కొడుకు ఇష్టపడియే యిచ్చెను. లోకదృష్టిలో తప్పు పట్టదగిన దేమియు లేదు. వేయి సంవత్సరముల పిదప కోరిక అనుభవముచే తీరదని తానే తెలిసికొని యౌవనమును తిరిగి యిచ్చివేసెను. తన ధనముతో తన యింట సేవించుచున్నాననువాడు, ఆ గంటలు నిజముగ ఎవ్వరివో ఒక్కమారు లెక్కింపవలెను. సిరిసిల్లలో ఆ రాత్రి తండ్రి కొరకు కూర్చున్న కూతురువా? కోరుట్లనుండి అప్పు చేసి విదేశమునకు పంపిన తలిదండ్రులవా? అమెరికాలో పలు రాష్ట్రములు ఇరువదియొక్క యేండ్లు నిండినవారికి అనుమతించినను, కేంద్రచట్టము దృష్టిలో అది నియంత్రితద్రవ్యమే. పౌరుడు కాని విద్యార్థికి దానివలన వీసా చిక్కులు, దేశబహిష్కారము కూడ రావచ్చును. అంగడివాడు ఆ సంగతి చెప్పడు.

అట్లని పట్టుబడినవానిని, అలవాటుపడినవానిని ఊరు వెలివేయుట ధర్మము కాదు. 1985 నాటి చట్టమే అరువదినాలుగు-ఏ సెక్షనులో, సేవించుట లేక కొద్ది పరిమాణము కలిగియుండుట అను నేరము మోపబడిన వ్యసనపరుడు తానుగ ముందుకు వచ్చి గుర్తింపు పొందిన చికిత్సాలయమున వైద్యము చేయించుకొన్నచో అభియోగమునుండి విడుదల కల్పించినది. చికిత్సను మధ్యలో విడిచినచో ఆ రక్షణ తొలగును. పరువు పోవునని కొడుకును గదిలో దాచు ఇండ్లలో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. వ్యసనవిముక్తిని గూర్చి సలహా నిచ్చుటకు 14446 అను ఉచిత ఫోను సంఖ్యను కేంద్రప్రభుత్వము నడుపుచున్నది. కచుడు గురువు కడుపును చీల్చుకొని బయటకు వచ్చిన క్షణమున, తన చావునకు సాధనమైన ఆ పాత్రను పట్టినవానిని నిందింపలేదు. అప్పుడే నేర్చిన విద్యతో ముందు ఆయననే బ్రతికించెను. శుక్రుడు కట్టడి చేసినది లేచి కూర్చున్న పిదప.